గుప్పెడు జీడిపప్పు

అద్దె తక్కువ చెప్పేవాళ్ళని నేను నమ్మను. బెజవాడ వన్‌టౌన్‌లో, కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. అవతలివాడు ధర చెప్పకముందే "అబ్బో, అంతా!" అనడానికి నా నోరు సిద్ధంగా తెరుచుకుని ఉంటుంది. అమెరికా వచ్చిన కొత్తలో పెద్ద షోరూంలో వాక్యూమ్ క్లీనర్ కొంటూ, క్యాష్ కౌంటర్ అమ్మాయిని "ఫైనల్‌గా ఎంతకిస్తావ్?" అని అడిగి, వెనక లైన్లో ఉన్నవాళ్ళందరి చేతా నవ్వించుకున్న ఘనత నాది.

అలాంటి నా నోరు ఆ రోజు తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోయింది. ఆ పెద్దాయన చెప్పిన అద్దె, నేను గంటసేపు బేరమాడి చివరికి దించుదామనుకున్న అద్దె కంటే తక్కువ.

డెట్రాయిట్ పక్కన నోవైలో మా ఇంటికి కారులో దగ్గరే, రోడ్డు పక్కన పాత స్ట్రిప్ మాల్ ఒకటుంది. వరసగా ఒక బార్బర్ షాపు, ఒక డ్రై క్లీనింగ్, ఒక టాక్స్ ఆఫీసు, మధ్యలో ఎన్నాళ్ళుగానో ఖాళీగా ఉన్న కొట్టు. చివర్న బోర్డు లేని గది, ఎప్పుడూ మూసి ఉండే బ్లైండ్స్. మాల్ మొత్తం ఆ గదిలో కూర్చునే ఇటాలియన్ పెద్దాయనది. మేం వెళ్ళింది ఆ ఖాళీ కొట్టు కోసం.

కొట్టు కావలసింది మా ఆవిడకి. ఏళ్ళ తరబడి డిపెండెంట్ వీసా మీద, ఉద్యోగం చేసే వీల్లేక ఇంట్లో కూర్చుంది. కూర్చోవడమంటే ఊరికే కాదు. ఆవిడ జంతికలు, సున్నుండలు, గోంగూర పచ్చడి చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళన్నిటికీ చేరాయి. గ్రీన్ కార్డు చేతికొచ్చిన రోజున అందరూ డిస్నీకి టికెట్లు బుక్ చేసుకుంటే, ఈవిడ మాత్రం "ఏవండీ, ఇక నాదంటూ ఒక కొట్టుండాలి. నాది. మీది కాదు, ఇంకెవరిదీ కాదు," అంది. ఆ మాట ఇక్కడ గుర్తు పెట్టుకోవాలి. తర్వాత జరిగిందంతా ఆ ఒక్క మాట నిలబడుతుందా లేదా అన్న దాని గురించే.

పెద్దాయన తలుపుకి ఎదురుగా, వీపు గోడకి ఆనించి కూర్చున్నాడు. ముదురు రంగు స్వెట్టరు, చెవిలో మిషను, కుర్చీకి ఆనించిన చేతికర్ర. మనిషి సన్నబడిపోయినా చేతులు మాత్రం ఇంకా బస్తాలు మోసే చేతుల్లా పెద్దవిగా ఉన్నాయి.

"ఏం అమ్ముతారు?" అన్నాడు.

"స్నాక్స్, స్వీట్లు, పచ్చళ్ళు," అంది మా ఆవిడ.

"పొయ్యి ఉంటుందా?"

"వెనక కిచెన్‌లో ఉంటుంది సర్."

ఆయన తల ఊపి, "మంటతో జాగ్రత్త," అన్నాడు. మామూలుగానే అన్నాడు. అప్పుడు నాకేమీ అనిపించలేదు.

అద్దె చెప్పగానే మా ఆవిడ కళ్ళు వెలిగిపోయాయి. నాకు మాత్రం అనుమానమొచ్చింది. ఇంత తక్కువకి ఎందుకిస్తున్నాడు? ఇదివరకు ఇందులో ఎవరుండేవారు? ఎందుకు ఖాళీ చేశారు? చెత్త ఎవరు తీసుకెళ్తారు, ఆ కంపెనీని మనమే ఎంచుకోవచ్చా? పక్క కొట్టువాళ్ళు ఎంతిస్తున్నారు? ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూనే పోయాను. అడిగిన కొద్దీ ఆయన మొహం షట్టరు దించినట్టు మూసుకుపోయింది.

"చాలా ప్రశ్నలు అడుగుతావు," అన్నాడు.

అక్కడ ఆగి ఉండాల్సింది. కానీ అలవాటు ఊరుకోనివ్వదు కదా. అంత తక్కువ అద్దెని కూడా ఇంకొంచెం దించమన్నాను. మొదటి నెల వదిలేయమన్నాను. పెయింటింగ్ ఆయనే వేయించాలన్నాను. ఆయన "నో" అన్నాడు. అప్పుడు నేను మా వన్‌టౌన్ విద్య ప్రయోగించాను. కుర్చీ వెనక్కి జరిపి, "సరే సర్, మాకు కుదిరేలా లేదు," అని లేచాను. మా ఆవిడ మోచెయ్యి పట్టుకుని లేపాను.

మా బజార్లో బేరం ఇలాగే ముగుస్తుంది. కొనేవాడు లేచి వెళ్ళిపోతాడు. కొట్టాయన వాడు గడప దాటేదాకా చూసి, "ఏవయ్యా, ఇటు రా, నీ మాటా కాదు నా మాటా కాదు," అని పిలుస్తాడు. పిలవాలి. పిలవకపోతే అది బేరమే కాదు. వెళ్ళేవాడికి తను తిరిగి వస్తానని తెలుసు, పిలిచేవాడికీ తెలుసు. అందుకే నెమ్మదిగా నడిచాను. తలుపు దగ్గర కారు తాళాలు కింద పడేసి, వంగి ఏరుకున్నాను. పార్కింగులో కారు అద్దం తుడిచాను, రెండోసారి కూడా తుడిచాను. ఎవరూ పిలవలేదు. తిరిగి చూస్తే ఆయన బ్లైండ్స్ పూర్తిగా దించేస్తున్నాడు.

కారెక్కాక మా ఆవిడ నా వైపు చూడలేదు. "పిలిచాడా?" అంది.

"రేపు పిలుస్తాడు."

"ఇదివరకు మీరు లేచొచ్చేసిన నాలుగు కొట్ల వాళ్ళూ రేపే పిలుస్తారన్నారు. ఎవరన్నా పిలిచారా?" మాల్ దాటాక మళ్ళీ అంది. "మీకు బేరం కావాలండీ. నాకు కొట్టు కావాలి."

 నాకు మాత్రం అనుమానం పట్టుకుంది. బెజవాడలో పిలవని కొట్టాయన్ని నేను జన్మలో చూడలేదు. ఎందుకు పిలవలేదో కనుక్కోవాలని ఆ వారాంతం బార్బర్ షాపుకి వెళ్ళాను. బార్బర్ కూడా పెద్దవాడే, తెల్ల మీసం, పెద్ద పొట్ట. క్షవరం చేయించుకుంటూ, ఏదో కాలక్షేపానికి అడిగినట్టు, మీ మాల్ ఓనరు ఎలాంటివాడు అన్నాను.

కత్తెర ఆగింది. అద్దంలో నా కళ్ళలోకి చూశాడు.

"ఆయన ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది నువ్వేనా?"

"నేనే. పిలుస్తాడనుకున్నాను."

"ఎవర్ని? లేచి వెళ్ళిపోయినవాణ్ణా?" బార్బర్ నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం లేదు. "ఆయన జీవితంలో ఆయన ముందు నుంచి లేచినవాళ్ళు తక్కువ. లేచినవాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళు ఇంకా తక్కువ."

ఆ కుర్చీలో, మెడకి తెల్లగుడ్డ కట్టుకుని కదల్లేని స్థితిలో, మా కాబోయే ఓనరు జీవిత చరిత్ర విన్నాను.

డెట్రాయిట్ తూర్పు వైపు ఒక వీధిలో ఇటాలియన్లు ఉండేవారట. ఈ పెద్దాయన తండ్రి అక్కడ బండి మీద పళ్ళు అమ్మేవాడు. వారానికోసారి ఒకడొచ్చి బండిలో మంచి పళ్ళు ఏరుకుని, కాస్త డబ్బు తీసుకుని పోయేవాడు. కొడుకు పెద్దవాడయ్యాక తండ్రి నిలబడిన వైపు నిలబడదల్చుకోలేదు. ఏరుకునేవాడి వైపుకి వెళ్ళిపోయాడు. మొదట వాళ్ళకి కారు నడిపాడు. తర్వాత వాళ్ళ తరఫున తనే వెళ్ళాడు. కొన్నాళ్ళకి ఆ వీధీ, పక్క వీధులూ అన్నీ ఆయనవే.

"ఆయన వ్యాపారం ఏంటనుకున్నావ్? టేబుల్ గుడ్డలు," అన్నాడు బార్బర్. "ఉతికిన టేబుల్ గుడ్డలు, నాప్‌కిన్లు. ప్రతి హోటలూ ఆయన లాండ్రీ నుంచే తెప్పించుకోవాలి, ఆయన చెప్పిన రేటుకి. రోడ్డు మీద నిలబడి హాట్‌డాగ్‌లు అమ్మేవాడు ఒకడుండేవాడు. వాడికి టేబులే లేదు. వాడూ టేబుల్ గుడ్డలు తీసుకున్నాడు."

నాకు నవ్వొచ్చింది. బార్బర్ నవ్వకపోవడం చూసి మింగేశాను.

గుడ్డల తర్వాత, నాణెం వేస్తే పాడే పాటల మిషన్లు. ఒక పొద్దున బారు ముందుకి మిషను వచ్చి నిలబడేది, ఎవరూ అడగకుండానే, ఉచితంగా. ఆ తర్వాత అందులో పడ్డ ప్రతి నాణెంలోనూ సగం ఆయనది. తర్వాత చెత్త లారీలు. తర్వాత పందేలు, వడ్డీలు. వడ్డీ కట్టనివాళ్ళ చేతులు విరిగేవి. ఎలా విరిగిందని అడిగితే మెట్ల మీంచి పడ్డామని వాళ్ళే చెప్పేవారు.

"ఒక బేకరీ ఆయన ఉండేవాడు," అన్నాడు బార్బర్. "రొట్టెలు అమ్మేవాడికి టేబుల్ గుడ్డలెందుకు అన్నాడు. గట్టిగానే అన్నాడు, అందరి ముందూ. ఒక తెల్లవారుజామున బేకరీ తగలబడింది. పొయ్యిలోంచి మంట లేచిందన్నారు. బేకరీ ఆయన తమ్ముడు మేడ మీద పడుకునేవాడు. కిందికి రాలేదు."

మంటతో జాగ్రత్త. నా మెడ మీద కత్తెర చల్లగా తగిలింది.

"దానికి శిక్ష పడిందా?"

"దానికి కేసే లేదు. చాలా ఏళ్ళకి ఆయన సొంత అకౌంటెంటే చొక్కా లోపల మైకు పెట్టుకుని వెళ్ళి అన్నీ రికార్డు చేయించాడు. బెదిరించి వసూళ్ళు చేశాడనీ, టాక్స్ ఎగ్గొట్టాడనీ లోపలేశారు. నల్లజుట్టుతో వెళ్ళి తెల్లజుట్టుతో వచ్చాడు. ఈలోగా భార్య పోయింది. ఈ మాల్ ఆవిడ పేరు మీద ఉండబట్టి మిగిలింది."

"మరి ఆ కొట్టు అంత తక్కువకి..."

"ఇక్కడ పాతవాళ్ళెవరూ తీసుకోరు. మీలాంటి కొత్తవాళ్ళకైతే తెలియదుగా."

అద్దె తక్కువకి కారణం దొరికింది. ఇక నాకు నిశ్చింత కలగాలి. అనుమానం ఇంకా పెరిగింది. "నీకెలా తెలుసు ఇవన్నీ?" అన్నాను.

"మా నాన్నదీ ఆ వీధిలోనే బార్బర్ షాపు. ఆయన ప్రతి శనివారం షేవింగ్‌కి వచ్చేవాడు. ఎప్పుడూ డబ్బివ్వలేదు. మా నాన్న ఎప్పుడూ అడగలేదు."

"ఇప్పుడు?"

బార్బర్ నా మెడ గుడ్డ విప్పి గట్టిగా దులిపాడు. "ఇప్పుడూ శనివారమే వస్తాడు. థాంక్యూ అంటాడు. నేనూ అడగను."

ఇంటికెళ్ళేదాకా నాకు బెజవాడే కనిపించింది. నేను డిగ్రీ చదివే రోజుల్లో మా వీధికి ఒకాయన ఉండేవాడు. అందరూ అన్న అనే అనేవారు. తెల్ల చొక్కా, నల్ల కళ్ళజోడు. ఒక పొద్దున, ఇంకా బోణీ కూడా కాకముందు, మా కొట్టుకొచ్చాడు. నేను గల్లా దగ్గర ఉన్నాను. మూత తీసిన జీడిపప్పు డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసుకున్నాడు. ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటూ, ఈ ఏడు ఎండలు ఎక్కువే అని కబుర్లు చెప్పాడు. మా నాన్న నవ్వుతూ, "ఇంకాస్త తీసుకోండి," అన్నాడు. అంతే. పై వారం ఆ అన్న పంపిన మనిషి మామూలుకి వచ్చాడు. అప్పట్నుంచి ఏ వారమూ ఆగలేదు. మా నాన్న ఒకసారి నాతో అన్నాడు: "వాడు మామూలు ఎప్పుడు వసూలు చేశాడనుకున్నావ్రా? ఆ గుప్పెట్లోనే చేశాడు. మిగతాది ఊరికే డబ్బు."

ఇదంతా మా ఆవిడకి చెప్పాను. కొట్టు వద్దు, మన దేశీ కొట్లుండే ప్లాజాలో ఎక్కువ అద్దె అయినా పర్వాలేదు, చూద్దాం అన్నాను. ఆవిడ గ్రైండర్‌లో పప్పు రుబ్బుతూ వింది. 

"ప్లాజా అద్దె మనం కట్టగలమా?"

"కట్టలేం."

"అయితే నాకిదే కొట్టు." గ్రైండర్ ఆపింది. "మామయ్యగారు జీడిపప్పుకి డబ్బులు అడగలేదు కదా. నేను అడుగుతాను."

"అడగడం అంత తేలికనుకుంటున్నావా? వాళ్ళు అడగనివ్వరు. వాళ్ళని చూడగానే మనకే నవ్వొచ్చేస్తుంది, ఇంకాస్త తీసుకోమని మన నోరే అనేస్తుంది."

"మీ నోరు అంటుందేమో. మీరు మాట్లాడకుండా కూర్చోండి."

మర్నాడు ఆవిడే నన్ను తీసుకెళ్ళింది. దారంతా "నోరు తెరవకండి" అంటూనే ఉంది. పెద్దాయన అదే కుర్చీలో, గోడకి ఆని కూర్చున్నాడు. 

"సర్, మీరు చెప్పిన అద్దెకే తీసుకుంటాం," అంది మా ఆవిడ. "మొన్న మావారు లేచి వెళ్ళడం మిమ్మల్ని అవమానించడానికి కాదు. మా ఊరి బజార్లో బేరం అలాగే చేస్తారు. లేచి వెళ్తే వెనక్కి పిలవాలి."

ఆయన నా వైపు తిరిగాడు. "నేను పిలవకపోతే?"

"వీధి చివరిదాకా వెళ్ళి ఆయనే వెనక్కొస్తారు."

అప్పుడు నవ్వాడు. చప్పుడు రాలేదు, భుజాలు మాత్రం కదిలాయి. "వెళ్ళిపోయేవాణ్ణి ఎందుకు పిలవడం? వెళ్ళాలనుకున్నాడు, వెళ్ళాడు," అన్నాడు. మళ్ళీ నా వైపు తిరిగాడు. "అన్ని ప్రశ్నలు అడిగావు. నీ చొక్కా లోపల మైకు ఉందనుకున్నా."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నా చెయ్యి దానంతటదే చొక్కా గుండీ మీదికి వెళ్ళింది. నేను ఆయన్ని అనుమానించడమే పెద్ద తెలివి అనుకుంటున్నాను. అవతల ఆయన కూడా నన్ను అదే లెక్కన చూస్తున్నాడు.

లీజు కాగితాలు మా లాయరుకి చూపించాను. అంతా సవ్యంగానే ఉంది, ఇందులో ఏమీ లేదు అన్నాడు. ఏమీ లేదన్న మాట విన్నాక ఇంకా జాగ్రత్తపడ్డాను.

కొట్టు తెరవడానికి వారం ముందు అనుకున్నదే అయింది. పొద్దున్నే తాళం తీస్తే లోపల పెద్ద ఫ్రీజర్ ఉంది. మేం తెచ్చింది కాదు. తెల్లగా, తుడిచి, ప్లగ్ పెట్టి, గుయ్‌మని మోగుతోంది. నాకు పాటల మిషన్లే గుర్తొచ్చాయి. ఎవరూ అడగకుండా, ఉచితంగా. వెంటనే చివరి గదికి పరిగెత్తాను.

"అది పాత వాళ్ళు బేస్‌మెంట్‌లో వదిలేసి పోయింది. మీకు పనికొస్తుందని పైకి తెప్పించా," అన్నాడు పెద్దాయన.

"ఎంతకిస్తారు?"

"ఉంచుకో."

"లేదు సర్, ధర చెప్పండి."

"నాకక్కర్లేదు."

నేను ఒక మొత్తం చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. ఇంకాస్త పెంచాను. ఊపాడు. మళ్ళీ పెంచాను. కొనేవాడు పెంచుకుంటూ పోవడం, అమ్మేవాడు వద్దంటూ పోవడం. మా నాన్న ఉండి ఈ బేరం విని ఉంటే గల్లాపెట్టెకి తల బాదుకునేవాడు. చివరికి ఆయన విసుగొచ్చి, "అంత బాధగా ఉంటే తీసి పారేయించు," అన్నాడు. పాత సామాన్లు ఎత్తుకుపోయేవాళ్ళకి డబ్బులిచ్చి మరీ ఆ మంచి ఫ్రీజర్‌ని పంపించేశాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, లారీ వెళ్ళేదాకా చూసింది. "బాగా బేరమాడారు," అంది.

కొట్టు తెరిచే రోజు పొద్దున మంచు పడుతోంది. గుమ్మంలో కొబ్బరికాయ కొట్టాం. తూకం మిషనుకి పసుపు, కుంకుమ పెట్టాం. బోణీకి మా కాలనీలో ఒక ఆంటీ వస్తానంది. ఆవిడ చెయ్యి మంచిదని అందరి నమ్మకం. హైవే మీద మంచుకి కార్లు ఆగిపోయాయని, లేటవుతుందని ఫోన్ చేసింది. మేం అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాం. పక్క షాపు బార్బర్ కూడా కాఫీ కప్పు పట్టుకుని శుభాకాంక్షలు చెప్పడానికి వచ్చి, ఒక పక్కన నిలబడ్డాడు.

ఆంటీ రాలేదు. తలుపు తోసుకుని పెద్దాయన వచ్చాడు.

చేతికర్ర టకటకలాడించుకుంటూ కౌంటరు పొడుగునా నడిచాడు. జంతికలు చూశాడు, సున్నుండలు చూశాడు. చివర్న మూత తీసి ఉన్న పళ్ళెంలో కారం జీడిపప్పు ఉంది. ఆగాడు. ఆ పెద్ద చెయ్యి పళ్ళెంలోకి దిగి, గుప్పెట నిండా తీసుకుంది. ఒకటి నోట్లో వేసుకున్నాడు. "సాయంత్రానికి మంచు ఇంకా పెరుగుతుందట," అన్నాడు.

బార్బర్ కాఫీ తాగడం మానేశాడు. అప్పటికే నా మొహం మీదికి నవ్వు వచ్చేసింది. 'ఇంకాస్త తీసుకోండి' అన్న మాట నాలుక చివరికి వచ్చింది. తెలుగులోనే వచ్చింది.

"ఎంత కావాలి సర్? పావు పౌండా, అర పౌండా?" అంది మా ఆవిడ.

"ఊరికే రుచి చూస్తున్నా."

"రుచికి ఒకటి చాలు. మిగతావి ఇక్కడ పెట్టండి." కాగితం సంచీ తెరిచి తూకం మిషను మీద పెట్టింది.

ఆయన గుప్పెట తెరవలేదు.  ఎక్కడో రోడ్డు మీద మంచు తీసే లారీ చప్పుడు.

"మీరే మొదటి కస్టమర్ సర్," అంది మా ఆవిడ. తూకం మిషను మీది సంచీ ఆయన వైపు జరిపింది. "మాకొక నమ్మకం ఉంది. కొట్టుకి మొదట వచ్చినవాళ్ళు డబ్బివ్వకుండా వెళ్తే, ఇక ఆ కొట్టు మాది కాదు. అది పెద్దవాళ్ళయినా సరే. ఓనరు అయినా సరే."

ఆయన ఆవిణ్ణి చూశాడు. నన్ను చూశాడు. బార్బర్‌ని చూశాడు. బార్బర్ కప్పులోకి చూసుకున్నాడు.  అప్పుడు గుప్పెట తెరిచి, జీడిపప్పు సంచీలోకి వదిలాడు. చేతికర్ర కౌంటరుకి ఆనించి జేబులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. కోటు జేబు, స్వెట్టరు జేబు, ప్యాంటు జేబు. కొట్లలో డబ్బు తీసే అలవాటు లేని మనిషి డబ్బు ఎక్కడుందో వెతుక్కుంటున్నాడు. చివరికి మడత పెట్టిన పెద్ద నోటొకటి దొరికింది. కౌంటరు మీద పెట్టాడు.

"ఉంచుకో," అన్నాడు.

 డబ్బివ్వకుండా పోవడం ఒక రకం ఉచ్చు, ఎక్కువిచ్చి పోవడం ఇంకో రకం. కానీ మా ఆవిడకి నేను చెప్పాల్సిన పని లేకపోయింది. నోటు కళ్ళకద్దుకుని గల్లాలో వేసింది. చిల్లర లెక్కపెట్టి, నాణేలతో సహా ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన ఆ చిల్లర వంక అలాగే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత ఆవిడ సంచీ కడుతూ, మా అందరి చేతులకీ ఉన్న అలవాటు ప్రకారం, మరి కాసిని జీడిపప్పు అందులో వేసింది.

"వీటికి నేను డబ్బివ్వలేదే," అన్నాడాయన వెంటనే.

"అది కొసరు సర్. కొన్నాక పైన కొంచెం వేస్తాం."

"ఎందుకు?"

"ఊరికే. మళ్ళీ రావాలని."

"నీకేం కావాలి?" అన్నాడు. గొంతు మారింది. కళ్ళు చిన్నవయ్యాయి. ఆ చూపు నాకు బాగా తెలుసు. అద్దంలో నేను రోజూ చూసేదే.

"ఏమీ వద్దు సర్."

ఆయన నమ్మలేదు. సంచీ విప్పి, పైన వేసిన జీడిపప్పు వేళ్ళతో ఏరి, కౌంటరు మీద పెట్టేసి, మిగతాది పట్టుకుని వెళ్ళిపోయాడు. తలుపు మూసుకున్నాక బార్బర్ ఊపిరి వదిలాడు.

"నువ్వూ అడగొచ్చు ఇక," అన్నాను.

"మీరు కొత్తవాళ్ళు. మీకు చెల్లుతుంది," అని కాఫీ కప్పు పట్టుకుని తన షాపుకి వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచి పెద్దాయన తరచూ వచ్చేవాడు. తూకం వేయించుకునేవాడు, డబ్బిచ్చేవాడు, చిల్లర ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకునేవాడు. కొసరు మాత్రం ప్రతిసారీ ఏరి కౌంటరు మీద వదిలేసి పోయేవాడు. అది నేను తినేసేవాణ్ణి. కొన్నాళ్ళకి మా ఆవిడ వేయడం మానేసింది. నాకు అనుమానం మాత్రం పోలేదు. చెత్త లారీ వచ్చినప్పుడల్లా దాని మీద ఏ కంపెనీ పేరుందో చూస్తాను. కిచెన్‌లో మంటలార్పే సిలిండర్లు అవసరానికి మించి పెట్టించాను. ఆ చేతులు చిల్లర లెక్కపెడుతుంటే, బేకరీ మేడ మీంచి కిందికి రానివాడు గుర్తొస్తాడు. వాడి గురించి ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. నేను అడగలేదు. ప్రశ్నలు తగ్గించుకున్నాను.

మొన్న ఒక సాయంత్రం కొట్లో రద్దీగా ఉంది. పెద్దాయన ముందు లైన్లో మన ఆంటీ ఉంది, బోణీకి రాలేకపోయిన ఆవిడే.

"ఏంటమ్మాయ్, ఇంత కొంటే కొసరు వెయ్యవా? చేతులు రావట్లేదా?" అని దబాయించింది.

"మీకు కాకపోతే ఎవరికి వేస్తానాంటీ," అంటూ మా ఆవిడ గుప్పెడు వేసింది.

తర్వాత పెద్దాయన వంతు. ఎప్పటిలాగే జీడిపప్పు. ఆవిడ తూచి, సంచీ కట్టి ముందుకు జరిపింది. ఆయన డబ్బు తియ్యలేదు. కర్రతో, తలుపు దాటుతున్న ఆంటీ వైపు చూపించాడు.

"ఆవిడకి వేశావు."

"మీరు తీసుకోరుగా సర్."

"ఆవిడ అడిగింది. ఇప్పుడు నేనూ అడుగుతున్నా."

మా ఆవిడ సంచీ విప్పి, రెండే రెండు పలుకులు వేసింది. ఆయన లోపలికి తొంగిచూశాడు.

"ఇంతేనా?"

"అంతే సర్. గిట్టదు!" అన్నాను వెనక కిచెన్ గుమ్మంలోంచి. ఎలా అన్నానో నాకే తెలియదు. మా నాన్న గొంతుతో అన్నాను, ఆ వీధి అన్నతో మాట్లాడే గొంతు కాదు, మామూలు కస్టమర్లతో మాట్లాడే గొంతుతో.

పెద్దాయన సంచీ కౌంటరు మీద పెట్టేశాడు. వెనక్కి తిరిగి తలుపు వైపు నడిచాడు. కర్ర టక్కుమంటోంది, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా. తలుపు దగ్గర ఆగి, అప్పటికే పెట్టుకుని ఉన్న కోటు గుండీలు మళ్ళీ పెట్టుకోవడం మొదలుపెట్టాడు. పైగుండీ అయింది. కిందిది అయింది. గ్లవ్స్ తొడుక్కుని, ఒకటి తీసి, మళ్ళీ తొడుక్కున్నాడు. మా వైపు చూడలేదు.

మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది. "పిలవండి, పాపం."

నేను పార్కింగులో కారు అద్దం రెండుసార్లు తుడుచుకున్న మధ్యాహ్నాన్ని తలుచుకున్నాను. ఆయన తలుపు పిడి మీద చెయ్యి వేసేదాకా ఆగాను.

"సర్," అన్నాను, "ఇటు రండి. మీ మాటా కాదు, మా మాటా కాదు."